జెట్టీ నీడకు సముద్రగడ్డి పోకుండా ఏం చేయొచ్చు?

తీరంగట్టు: పాత చెక్క జెట్టీ తీసేసి కొత్తది కట్టిస్తున్నాం. పాతదాని కింద ఉత్త బురదే. నీడ దాటగానే గడ్డి దట్టంగా ఉంది, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తోంది. చేపపిల్లలు, పీతలు అన్నీ ఆ గడ్డిలోనే. ఈసారైనా దాన్ని కాపాడుకోవాలని ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

పడవసరంగు: ముందు ఎత్తు పెంచండి. జెట్టీ ఎత్తుగా ఉంటే పక్కల నుంచి వెలుతురు కిందికి వస్తుంది, నీడ కూడా ఒకేచోట ఉండిపోదు. అమెరికాలోని మాసాచుసెట్స్ తీరంలో ఈల్‌గ్రాస్ అనే సముద్రగడ్డి మీద 1999లో వచ్చిన అధ్యయనంలోనూ అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది ఎత్తు వల్లే. దిక్కు, వెడల్పు ఆ తర్వాతే.

నీటిమొక్క: దిక్కును మాత్రం తక్కువగా చూడకండి. మా జెట్టీ మధ్యలో మలుపు తిరుగుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న ముక్క కింద గడ్డి పలచగానైనా బతికింది. అక్కడ నీడ పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకి పోతుంది. తూర్పు పడమరలుగా తిరిగిన ముక్క కింద ఒక్క ఆకు లేదు, ఎత్తూ వెడల్పూ ఒకటే అయినా!

పడవసరంగు: నిజమే. కొలతలు కావాలంటే ఫ్లోరిడా మార్గదర్శకాలు చూడండి. గడ్డి ఉన్నచోట పలకల నడకదారి సగటు పోటు మట్టానికి కనీసం 5 అడుగులు పైన ఉండాలి, వెడల్పు 4 అడుగులు మించకూడదు. పలకల బదులు గ్రేటింగ్ (వెలుతురు దిగే జాలీ) వేస్తే అందులో కనీసం 43 శాతం ఖాళీ ఉండాలి. స్తంభాల మధ్య కనీసం 10 అడుగుల దూరం.

తీరంగట్టు: గ్రేటింగ్ బదులు పలకల మధ్య సందులు వదిలితే చాలదా అండీ?

నీటిమొక్క: కొంత నయమే, కానీ గ్రేటింగ్‌కి సాటి రాదు. గ్రేటింగ్ వేసినా కింద దూలాలు దగ్గరదగ్గరగా పెడితే వెలుతురంతా అక్కడే ఆగిపోతుంది. మేస్త్రీతో ఈ మాట ముందే తేల్చుకోండి.

లోతునీరు: తేలే జెట్టీ జోలికి మాత్రం పోవద్దు. నీళ్లకు ఆనుకుని ఉంటుంది కాబట్టి వెలుతురు దూరే దారే ఉండదు, నీళ్లు తీసినప్పుడు నేరుగా గడ్డి మీదే కూర్చుంటుంది. కట్టేసిన పడవ నీడ కూడా నీడే. అందుకే పడవ ఆపే చోటు గడ్డి అంచు దాటాక, లోతులో పెట్టించండి. ఆ అంచు గడ్డి బాగా పెరిగే కాలంలోనే చూసి గుర్తు పెట్టుకోవాలి. చలికాలంలో చూస్తే అక్కడ గడ్డే లేదనుకుంటారు.