పోకెమాన్ కార్డులు: ఆట మధ్యలోనే ఆగిపోతా ఉంది, తప్పు డెక్‌లోనా రూల్స్‌లోనా?

తోతాపురి (చిత్తూరు):
పిల్లోళ్ళిద్దరూ చెరో 60 కార్డుల డెక్ కట్టినారు. ఒక్కోదాంట్లో 22 ఎనర్జీలు (అటాక్‌కు కావాల్సినవి), బేసిక్ పోకెమాన్లు (నేరుగా దించగలిగేవి) 8, మిగతావి ఎక్కువగా ఎవల్యూషన్లు (వాటి మీద వేసే ఎదిగిన రూపాలు), ట్రెయినర్ కార్డులు (సాయం చేసేవి) ఓ పది. చేతికొచ్చిన 7 కార్డుల్లో బేసిక్ లేక మళ్ళీ మళ్ళీ కలపాల్సి వస్తోంది. బేసిక్ దొరికినా నాలుగు టర్నులకే చేతినిండా ఎనర్జీలే. ఇంకోటి, మొదట ఆడేవాడు అటాక్ చేయొచ్చా? అంగట్లో దొరికే బంగారు రంగు కార్డులు డెక్‌లో కలపొచ్చా? తెలిసినోళ్ళు చెప్పండన్నా.

కొండమెట్లు (తిరుపతి):
తప్పు డెక్‌లోనే అబ్బా. 60లో బేసిక్‌లు 8 ఉంటే మొదటి 7 కార్డుల్లో ఒక్కటీ రాకపోవడానికి 35 శాతం దాకా అవకాశం ఉంది, అంటే మూడాటల్లో ఒకటి. 12 పెడితే 19 శాతానికి దిగుతుంది. నాలుగే పెడితే 60 శాతం! ఊరికే కలుపుకోవడం కాదు, చేయి ఎదుటివాడికి చూపించి కలపాలి. అట్ల కలిపిన ప్రతిసారికీ ఎదుటివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. వద్దనుకుంటే మానేయొచ్చు.

22 ఎనర్జీలు చాలా ఎక్కువ. టర్నుకు చేతిలోంచి తగిలించేది ఒక్కటే కదా, మిగతావన్నీ చేతిలో బరువు. చారిజార్డ్ ఈఎక్స్ (బలమైన రకం కార్డు) డెక్ అనుకో: బేసిక్ అయిన చార్మాండర్ 4, దాని ఎవల్యూషన్లు చార్మీలియన్ 2, చారిజార్డ్ 3, వేరే బేసిక్‌లు 8, నిప్పు ఎనర్జీలు 10. ఇంతకి 27. మిగిలిన 33 ట్రెయినర్లే. రేర్ క్యాండీ (మధ్య రూపం దాటించి ఎవాల్వ్ చేసేది), అల్ట్రా బాల్, నెస్ట్ బాల్, ప్రొఫెసర్స్ రీసెర్చ్ నాలుగేసి పెట్టు, స్విచ్ 3, బాసెస్ ఆర్డర్స్ 2. తక్కిన పన్నెండూ కార్డులు లాగేవి, వెతికేవి ఏవైనా సరే. 2023లో వచ్చిన ఆబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌లోని చారిజార్డ్ అయితే, చేతిలోంచి ఎవాల్వ్ చేసిన క్షణమే డెక్‌లోంచి మూడు నిప్పు ఎనర్జీలు తెచ్చి తగిలిస్తుంది. అందుకే దానికి పది చాలు.

ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించి పెట్టకూడదు, బేసిక్ ఎనర్జీకి మాత్రం లెక్క లేదు. ముఖ్యమైన కార్డు ఒక్కటే పెట్టినా ఇబ్బందే. పక్కన బోర్లా పెట్టే 6 ప్రైజుల్లో (ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు తీసుకునేవి) అది ఇరుక్కోవడానికి పదిలో ఒక వంతు అవకాశం ఉంది.

ఏడోమైలు (తిరుపతి):
మొదటి టర్ను సంగతి. మొదట ఆడేవాడు కార్డు తీసుకుంటాడు, ఎనర్జీ తగిలిస్తాడు, ఐటమ్‌లు (ఒక రకం ట్రెయినర్లు) ఎన్నయినా వాడుకుంటాడు. అటాక్ లేదు, సపోర్టర్ (ఇంకో రకం ట్రెయినర్) లేదు. రెండోవాడికి ఆ రెండూ ఉంటాయి. ఎవల్యూషన్ మాత్రం ఎవరి మొదటి టర్నులోనూ కుదరదు. ఆ తర్వాత కూడా, ఈ టర్ను దించిన పోకెమాన్‌ని ఈ టర్నే ఎవాల్వ్ చేయకూడదు. రేర్ క్యాండీకీ ఇదే రూలు. ‘క్యాండీ ఉంది కదా’ అని వెంటనే చారిజార్డ్ వేసేస్తారు పిల్లలు, అది చెల్లదు.

సపోర్టర్ టర్నుకొకటే. రిట్రీట్ (ముందు పోరాడేదాన్ని వెనక్కి తీయడం) కూడా ఒక్కసారే, దాని ఖర్చుకు సరిపడా ఎనర్జీలు తీసి పారేయాలి. అటాక్ చేశాక టర్ను అయిపోయినట్లే. కాబట్టి ఎనర్జీ, ట్రెయినర్లు అన్నీ ముగించుకుని చివర్లోనే కొట్టాలి.

తోతాపురి:
సరేనన్నా. నిద్రపోయిన పోకెమాన్‌ని వెనక్కి తీయొచ్చా? బెంచ్ (వెనక వరస) మీదదానికి దెబ్బ తగిలితే వీక్‌నెస్ (ఒక రకం అటాక్‌కు బలహీనత) రెట్టింపు లెక్కేయాలా? రోజూ గొడవ ఇక్కడే.

ఏడోమైలు:
నిద్రలో ఉన్నదానికి, పక్షవాతం వచ్చినదానికి అటాకూ లేదు, రిట్రీటూ లేదు. స్విచ్ కార్డుతో మార్చుకోవచ్చు, అది రిట్రీట్ కిందికి రాదు. బెంచ్‌కి పోతే రోగాలన్నీ పోతాయి, ఎవాల్వ్ అయినా పోతాయి. దెబ్బలు మాత్రం అట్లనే ఉంటాయి.

నిద్రయితే కార్డును ఎడమకి తిప్పు, పక్షవాతమైతే కుడికి, కన్ఫ్యూజన్ అయితే తలకిందులు. ఈ మూడింట్లో ఒక్కటే ఉంటుంది, కొత్తది వస్తే పాతది పోతుంది. విషం, కాలిన గాయం వాటితోపాటే ఉండొచ్చు. టర్ను ముగిశాక విషానికి 10, కాలినదానికి 20 దెబ్బ. తర్వాత కాలినదానికి రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మ పడితే నయం. నిద్రకూ బొమ్మ పడితే లేస్తుంది. కన్ఫ్యూజన్‌లో అటాక్ చేయబోతే బిళ్ళ ఎగరేయాలి; బొరుసు పడితే అటాక్ పోయి తనకే 30 దెబ్బ.

వీక్‌నెస్, రెసిస్టెన్స్ (దెబ్బ తగ్గించేది) లెక్క యాక్టివ్‌కే (ముందు పోరాడేదానికే). బెంచ్ మీదదానికి అటాక్‌లో రాసినంతే.

రేణిగుంట_రైలు:
బంగారు కార్డులు కలపొద్దు. హెచ్‌పీ (పోకెమాన్ ప్రాణబలం) నాలుగంకెల్లో కనిపిస్తే నకిలీ అని అక్కడే తేలిపోతుంది, ఆడే అసలు కార్డుల్లో అంత ఉండదు. వెనకవైపు నీలం రంగు వెలిసినట్టుంటే, అక్షరాలు అలికినట్టుంటే కూడా అనుమానించాల్సిందే. జపాన్ కార్డుల వెనక డిజైన్ ఇంగ్లిష్‌వాటికి వేరు, దాన్ని చూసి నకిలీ అనుకోవద్దు. అవి రెండూ కలిపి ఆడాలంటే వెనక కనబడని స్లీవ్‌లు (ప్లాస్టిక్ తొడుగులు) అన్నిటికీ ఒకటే రకం వేయాలి.

కార్డు సైజు 63 x 88 మి.మీ. స్లీవ్ 66 x 91 తీసుకో. యుగియో (ఇంకో కార్డుల ఆట) స్లీవ్‌లు చిన్నవి, వాటిలో ఇరికిస్తే అంచులు నలుగుతాయి. ఫాయిల్ (మెరిసే) కార్డు వంగేది ఎందుకంటే, కాగితం పొర తేమ పీల్చుకుంటుంది, ఫాయిల్ పొర పీల్చదు. వంగింది డెక్‌లో ఉంటే పైనుంచి చూసి కూడా గుర్తుపట్టేయొచ్చు, టోర్నమెంట్‌లో ఒప్పుకోరు. స్లీవ్ వేసి గట్టి డబ్బాలో బిగుతుగా పెట్టు. మన ఎండలకి బండి డిక్కీలో మాత్రం వదిలేయొద్దు.

కొండమెట్లు:
ఇంకొక్క మాట. ఆట ముగిసేది 6 ప్రైజులు తీసుకున్నప్పుడే అనుకుంటారు చాలామంది. ఎదుటివాడి దగ్గర టేబుల్ మీద పోకెమాన్ ఒక్కటీ మిగలకపోయినా గెలుపే. టర్ను మొదట్లో డెక్‌లో తీయడానికి కార్డు లేకపోతే వాడు ఓడినట్టే. యాక్టివ్‌లో ఒకటే పెట్టి బెంచ్ ఖాళీగా వదిలే అలవాటు మీ పిల్లోళ్ళకుంటే ముందు అది మాన్పించు. ఈఎక్స్ పడిపోతే రెండు ప్రైజులు పోతాయి, అదీ లెక్కలో పెట్టుకోమను.

తోతాపురి:
బెంచ్ ఖాళీనే పెడతాడు పెద్దోడు. ఎనర్జీలు 10కి తగ్గించి ఈ ఆదివారం చూస్తాం.