ఇంగ్లీషు "క్యాష్" మన "కాసు" నుంచే పుట్టిందా?

బందరు కుర్రాడు:
నిన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. ఇంగ్లీషువాళ్ల "క్యాష్" మన "కాసు" నుంచి పోయిందేనట, తెల్లవాళ్లు మన డబ్బుతో పాటు డబ్బు పేరు కూడా పట్టుకుపోయారట. చదవగానే ఛాతీ పొంగింది. కాసు, క్యాష్, ఒకసారి పలికి చూడండి, ఎంత దగ్గరగా ఉన్నాయో! అర్థమూ అదే. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కాదనేవాళ్లుంటే ఎందుకు కాదో చెప్పండి.

రాగి పైసా:
తమ్ముడూ, కాదనే అంటాను, కానీ సగమే. కొట్లో "క్యాషా, కార్డా" అని అడుగుతారు చూడు, ఆ క్యాష్ మనది కాదు. లాటిన్‌లో "కాప్సా" అంటే పెట్టె, అది ఇటాలియన్‌లో "కస్సా" అయింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది, డబ్బు దాచే పెట్టె పేరు పోనుపోను లోపలున్న డబ్బుకే స్థిరపడింది. క్యాషియర్ ఆ ఇంటి మాటే, కళ్లజోడు పెట్టుకునే కేసూ ఆ ఇంటిదే. మనమూ "ఇవాళ గల్లా ఎంత?" అని అడిగితే షాపాయన వచ్చిన డబ్బే చెబుతాడు కదా.

అయితే ఇంగ్లీషులో క్యాష్ అని ఇంకో మాట ఉంది, అర్థం చిన్న నాణెం. అది మాత్రం అచ్చంగా కాసే. పోర్చుగీసువాళ్లు ఇక్కడి చిల్లర నాణేన్ని తమిళులు కాసు అంటుంటే విని "కైషా" అని పిలిచారు. వాళ్ల భాషలో కైషా అంటే పెట్టె! చెవిన పడ్డ కొత్త మాటని తమకి తెలిసిన మాటలోకి దింపేసుకున్నారు. అదే ఇంగ్లీషువాళ్ల నోట్లో క్యాష్ అయి, చివరికి చైనాలో మధ్యన చదరపు చిల్లు ఉండే నాణేలకి కూడా ఇంగ్లీషులో అదే పేరు పడింది.

సువర్ణ, సికింద్రాబాద్:
అన్నా, మీరు చెప్పినదాన్ని బట్టే అడుగుతున్నా. పోర్చుగీసువాళ్ల నోట్లో పెట్టె మాటా, కాసు మాటా ఒకటైపోయాక ఇది వేరు, అది వేరు అని ఎలా విడదీస్తారు? ఇంకోటి, లాటిన్ అనగానే అందరూ తలూపుతారు, మన భాష అనగానే సాక్ష్యం తెమ్మంటారు. అక్కడే నాకు మండుతుంది.

రాగి పైసా:
కోపం న్యాయమైనదే, సువర్ణ గారూ. కానీ కాలం చూడండి. 16వ శతాబ్దం చివరికే ఇంగ్లీషులో క్యాష్ ఉంది, అప్పట్లో దానికి డబ్బు పెట్టె అనే అర్థం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో, వాళ్ల ఓడ మచిలీపట్నం చేరింది 1611లో. ఆ మాట మన కాసు నుంచే వెళ్లి ఉంటే మొదట్లో దానికి పెట్టె అనే అర్థం ఎలా వచ్చింది? దీనికి జవాబు దొరికేదాకా నేను ఒప్పుకోలేను.

మన భాషని ఎవరూ పట్టించుకోరన్నది కూడా పూర్తిగా నిజం కాదు. "బాండికూట్" మన పందికొక్కు నుంచి వచ్చిందని ఇంగ్లీషు నిఘంటువులే రాస్తాయి. ఆ పేరు ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఇంకో జంతువుకి కూడా పెట్టుకున్నారు. అక్కడ మాట నడిచిన దారి కనబడుతోంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

పెన్నా ఒడ్డు:
చర్చ చూసి మా నాయనమ్మ ఇనప్పెట్టెలో దాచిన నాణెం బయటికి తీశాను. రాగిది, ఇప్పటి రూపాయి బిళ్ల కంటే పెద్దది, అంచులు అరిగిపోయాయి. ఒకవైపు కంపెనీ ముద్ర, అటూ ఇటూ సింహాలు, కింద 1808. తిప్పితే పారసీ రాత, దాని కింద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కన ఇంగ్లీషులో క్యాష్. పారసీ వచ్చిన మాస్టారు ఒకాయన చదివి పెట్టారు: "ఇరవై కాస్ అంటే నాలుగు ఫలూస్" అని ఉందట, ఫలూస్ అంటే రాగి నాణేలేనట. అంటే ఒకే బిళ్ల మీద, ఒకే వైపు, పారసీలో కాస్, ఇంగ్లీషులో క్యాష్!

రాగి పైసా:
అబ్బ, దాన్ని జాగ్రత్తగా ఉంచండి, చింతపండు పెట్టి మాత్రం తోమొద్దు, పైన ఉన్న పాత రంగు పోతే విలువ పడిపోతుంది. బర్మింగ్‌హామ్‌లో కొట్టించి ఓడల్లో మద్రాసుకి పంపిన నాణేలవి. వీటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో ఇంగ్లండ్ తీరం దాటకుండానే మునిగిపోయింది. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. ఇరవై కాసుల రాగి బిళ్లకి ఇంకో పేరుంది, అదే "డబ్బు". ఆ బిళ్ల పేరే మనకి మొత్తం సొమ్ముకి పేరైపోయింది. బందరు తమ్ముడూ, ఆ ఫార్వర్డ్ కంటే నాకు ఇదే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

సువర్ణ, సికింద్రాబాద్:
డబ్బు సంగతి నాకు తెలీదు, ఇది బాగుంది. సరే, కొట్లో క్యాష్ వాళ్లదే అని ఒప్పుకుంటున్నా. కానీ నాణెం క్యాష్ దగ్గర మాత్రం "కావచ్చు", "బహుశా" లాంటివి పెట్టకండి, మనదే అని గట్టిగా రాయండి. కేరళ వైపు తిరువాన్కూరు సంస్థానంలో 1949 దాకా క్యాష్ పేరుతో నాణేలు చెల్లాయి, అది నిన్నమొన్నటి సంగతే.

రాగి పైసా:
అలాగే రాస్తాను, అందులో నాకూ అనుమానం లేదు.

బందరు కుర్రాడు:
గ్రూపులో మా పెదనాన్న ఆ ఫార్వర్డ్‌ని ఇప్పటికే ముగ్గురికి పంపేశారు. ఇవాళే రాస్తాను, క్యాష్‌లు రెండని, మనది నాణెమని. పెన్నా ఒడ్డు గారూ, ఆ బిళ్ల ఫొటో పెట్టగలరా? పారసీ ఉన్న వైపు కాస్త ఎండలో పెట్టి తీయండి, అక్షరాలు కనబడాలి.