పాత మెకానికల్ కెమెరాలో నేరుగా రీలు వేయాలా, సర్వీసింగ్ అయ్యాకేనా?

నీడలవేట:
పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం, ఒలింపస్ ఓఎం-1 లాంటి 1970ల నాటి కెమెరా ఏళ్ల తరబడి బీరువాలో ఉండి చేతికొచ్చిందనుకోండి. ముందు విప్పించి శుభ్రం చేయించాలా, ఒక రీలు వేసి చూస్తే చాలా? నేనైతే రీలు వేయమంటాను. వీటి షట్టర్‌కు బ్యాటరీతో పనిలేదు, అది వెలుగును కొలిచే మీటర్ కోసమే. పాత షట్టర్ గాడి తప్పితే సాధారణంగా నెమ్మదిస్తుంది, అంటే వెలుగు కాస్త ఎక్కువ పడుతుంది. కలర్ నెగటివ్ ఫిలిం రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువైనా తట్టుకుంటుంది.

తెరచప్పుడు:
నీడలవేట గారూ, సగమే ఒప్పుకుంటాను. కె1000, ఓఎం-1 లలో గుడ్డ తెరలు రెండుంటాయి. 1/1000 సెకను వేగం దగ్గర వాటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల చీలిక మాత్రమే ఫిలిం మీదుగా పరుగెడుతుంది. నూనె చిక్కబడి మొదటి తెర వెనకబడితే రెండోది దాన్ని దారిలోనే అందుకుంటుంది. చీలిక మూసుకుపోయి ఫొటోలో ఒక అంచు నల్లబడుతుంది. వెలుగే పడని చోట ఏ ఫిలిం అయినా ఏం చేయగలదు?

రీలు వేసే ముందు ఖాళీ కెమెరాతోనే ఇది తేలిపోతుంది. లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, వెలుతురున్న కిటికీ వైపు పెట్టి 1/1000, 1/500 లలో పది పన్నెండు సార్లు నొక్కండి. వెనక నుంచి చూస్తే ఫ్రేమంతా ఒకే మెరుపు కనిపించాలి. ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్ విప్పాల్సిందే.

తక్కువ వేగాలకు ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే, 1 సెకనుకు 240, 1/2 కు 120, 1/8 కు 30 ఫ్రేముల పాటు షట్టర్ తెరిచి ఉండాలి. 1/8 దగ్గర 40 వచ్చినా తేడా అర స్టాపు లోపే, వదిలేయండి. 1/60 దాటాక ఈ లెక్క పనికిరాదు. 1 సెకను పెట్టినప్పుడు గేర్ల జిర్రుమనే చప్పుడు ఒకే లయలో సాగాలి. మధ్యలో తడబడిందంటే అక్కడ నూనె గట్టిపడింది. చెవి పెట్టి వింటే చాలు, జబ్బు ఎక్కడుందో చెప్పే యంత్రాలివి. వీటి మీద నా ఇష్టమంతా అందుకే.

పళ్లచక్రం:
వంద సార్లు నొక్కితే ఆ తడబాటు పోతుందని చెప్పేవాళ్లున్నారు. పోతుంది కూడా. వారం పక్కన పెట్టి చూడండి, మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే పాత నూనె అక్కడే ఉంది. లైటర్ పెట్రోలు పోయడం ఇంకా చేటు. కరిగిన జిడ్డు బయటికి పోదు, పెట్రోలు ఆవిరయ్యాక ఇంకోచోట పేరుకుంటుంది. లెన్స్ లోపల షట్టర్ ఉండే కెమెరాల్లో అది రేకుల మీదికి చేరితే రేకులు అతుక్కుపోతాయి. అవి పొడిగానే ఉండాలి.

సోవియట్ కెమెరా జోర్కి-4 ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: నాబ్ తిప్పి షట్టర్ ఎక్కించాకే వేగం మార్చండి. ముందే తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

మూడోకన్ను:
షట్టర్ బాగున్నా రీలు పాడయ్యే దారులు ఇంకో రెండున్నాయి.

వెనక తలుపు గాడిలోని ఫోమ్ ఏళ్లు గడిచేసరికి బంకగా మారుతుంది, సందుల్లోంచి వెలుగు దూరి ఫొటోల మీద ఎర్రటి చారలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో గీకి తీసి కొత్త ఫోమ్ అంటించుకోవచ్చు. దీనికి సర్వీసింగ్ అక్కర్లేదు. గీకిన ఫోమ్ పొడి షట్టర్ తెరల మీద రాలకుండా చూసుకోండి, వ్యూఫైండర్‌లో బొమ్మ పడే ఫోకసింగ్ స్క్రీన్‌కు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి.

రెండోది మీటర్. ఓఎం-1 ను 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తయారుచేశారు. అందులో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే వెలుగు ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. దాన్ని నమ్మి తీస్తే ఫొటో నల్లబడుతుంది. నీడలవేట గారు చెప్పిన ఓర్పు వెలుగు ఎక్కువైనప్పటిది, తక్కువైతే నెగటివ్ అంత మన్నించదు. వినికిడి యంత్రాల జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది, 675 సైజుకు చుట్టూ రింగు కావాలి. స్టిక్కర్ తీశాక కొన్ని నెలలే వస్తుంది. కె1000 కి ఈ గొడవ లేదు. కాకపోతే మీటర్‌కు స్విచ్ లేదు, లెన్స్‌కు మూత పెట్టడం మరిస్తే బ్యాటరీ అయిపోతుంది.

నీడలవేట:
అంచు నల్లబడే సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఈ పరీక్షలన్నీ దాటిన కెమెరాను విప్పించడం దండగే అంటాను. చక్కగా నడుస్తున్నదాన్ని తెరిస్తే దుమ్ము చేరే అవకాశమూ ఉంది.

తెరచప్పుడు:
దాటితే రీలు వేయండి, నాకూ అభ్యంతరం లేదు. స్లైడ్ ఫిలిం (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది) మాత్రం వద్దు, అర స్టాపు తేడా కూడా దాని మీద కనిపిస్తుంది. మొదటి రీలు ఐఎస్ఓ 100 నెగటివ్ ఫిలిం. మిట్టమధ్యాహ్నపు ఎండలో సాదా గోడ ఫ్రేము నిండా పెట్టి, 1/125 కు లెన్స్ అపర్చర్ (వెలుగు దూరే రంధ్రం) ఎఫ్/16, 1/250 కు ఎఫ్/11, 1/500 కు ఎఫ్/8, 1/1000 కు ఎఫ్/5.6 చొప్పున తీయండి. నాలుగింటికీ పడే వెలుగు ఒకటే. ప్రింట్లు, స్కాన్లు చూడకండి, ల్యాబులో సరిచేసేస్తారు. కడిగిన నెగటివ్‌నే వెలుగుకు పట్టి చూడండి. నాలుగూ ఒకే చిక్కదనంలో ఉంటే షట్టర్ బాగున్నట్టే. 1/1000 ఫ్రేములో ఒక అంచు పలచగా ఉంటే సర్వీసింగ్ అయ్యేదాకా ఆ ఒక్క వేగం వాడకండి.