పెళ్లి వీడియోకి ఎస్‌టీఎం ఆటోఫోకస్‌ను నమ్మొచ్చా?

హనుమకొండ క్లిక్స్:
శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, మా దగ్గర ఒకటే పంచాయితీ. సీనియరేమో వీడియో అంటే చేత్తోనే ఫోకస్ తిప్పాలంటాడు. కెనాన్ ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) లెన్స్ పెట్టి ఆటోకి వదిలేద్దామని నేను. మీరేమంటారు?

ఓరుగల్లు వీడియో:
వదిలెయ్ తమ్మీ, టెన్షన్ వద్దు. పాత లెన్సుల మోటారు గరగర పంతులు మంత్రాలతో పోటీపడేది. 2012లో కెనాన్ ఈ స్టెప్పింగ్ మోటారు తెచ్చాక ఫోకస్ దూకకుండా మెల్లగా జారుతోంది.

కరీంనగర్ ఫ్రేమ్స్:
సగమే నిజం. పాత కెమెరా బాడీలు కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, చూసి ఫోకస్ వెతికేవి. ముందుకో వెనక్కో తెలియక దాటిపోయి మళ్లీ వచ్చేవి. మోటారు మంచిదైతే ఆ ఊగులాటే నున్నగా కనిపిస్తుంది, అంతే. 2013లో కెనాన్ 70డీ కెమెరాతో డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ వచ్చాక ఎటు తిరగాలో కెమెరాకి ముందే తెలిసింది. పైగా ఎస్‌టీఎంలన్నీ ఒకటి కావు. 40, 50 ఎంఎంలలో గేర్లుంటాయి, చప్పుడు లేని గదిలో కెమెరా మైకుకి దొరికిపోతాయి. 18-135 జూమ్ లెన్స్‌లో స్క్రూ పద్ధతి, చాలా నయం.

చేతిఫోకస్:
మోటారు సంగతి సరే, అడ్డుతెర ఎప్పుడైనా ఆటోలో తీశారా? పెళ్లికొడుకు భుజం మీదుగా కెమెరా పెడితే ఆటో పోయి తెర గుడ్డనే పట్టుకుంటుంది. తెర దించాక పెళ్లికూతురి మొహానికి వచ్చేలోపు ఆమె తల దించేసుకుంటుంది. ఆల్బమ్ మొత్తంలో వాళ్లమ్మ అడిగేది ఆ చూపే.

ఓరుగల్లు వీడియో:
ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించు అన్నా. మధ్యలో ఏదడ్డొచ్చినా ఫోకస్ వెంటనే దానిమీదికి పోదు.

చేతిఫోకస్:
తలంబ్రాలకు పనికొస్తుంది, బియ్యం పడి పోతాయి కాబట్టి. తెర అట్లా కాదు కదా, నిమిషాల తరబడి అక్కడే ఉంటుంది.

కరీంనగర్ ఫ్రేమ్స్:
తెర విషయంలో చేతిఫోకస్ అన్న చెప్పిందే కరెక్ట్. కానీ ఎస్‌టీఎంని చేత్తో తిప్పడం కూడా సుఖం కాదు. ఫోకస్ రింగ్ నేరుగా అద్దాన్ని కదపదు, మోటారుకి సిగ్నల్ ఇస్తుందంతే. కెమెరా ఆపితే పనిచేయదు, చివర ఆగే చోటుండదు. చాలావాటిలో గబుక్కున తిప్పితే ఒక దూరం, మెల్లగా తిప్పితే ఇంకో దూరం. టేపు అంటించి గుర్తు పెట్టుకుంటే రెండోసారి అక్కడికి రాదు. గుర్తులతో పని చేసేవాళ్లు పాత మెకానికల్ రింగ్ లెన్సే ఉంచుకోండి.

ఓరుగల్లు వీడియో:
రెండో లెన్స్ దేనికి? కెమెరాకి పెళ్లికూతురంత దూరంలోనే కూర్చున్న మనిషి మీద ఆటోతో పట్టి, స్క్రీన్ మీద సర్వో (ఆగకుండా ఫోకస్ సరిచేసుకునే ఆటో) గుర్తు తాకి ఆపెయ్. తెర దిగేదాకా ఫోకస్ కదలదు.

చేతిఫోకస్:
అంటే కీలకమైన షాట్‌కి ఆటో ఆపాలనేగా! తమ్మీ, మీ సీనియర్‌కి ఇది చూపించు.