సెలవుల్లో పిల్లల్ని ఎక్కడ ఆడిస్తున్నారు?

నమస్కారమండీ. మాది కూకట్‌పల్లి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. బాబుకి 8, పాపకి 5 ఏళ్లు. మే ఎండలు 40 డిగ్రీలు దాటుతుంటే పదింటికే గడప దాటలేం, ఇక రోజంతా ఫోనే.

మొన్న ఆదివారం పొద్దున ఆరింటికి మా మామయ్యగారు డాబా మీద చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గడులు గీశారు. పాప గీత తొక్కేసి, "తొక్కలేదు తాతయ్యా!" అని ఒకటే గొడవ. బాబు కూడా ఫోన్ పడేసి పరిగెత్తుకొచ్చాడు. వాళ్లనలా చూసి ఎన్నాళ్లయిందో! కళ్లు చెమర్చాయి.

ఇది రోజూ సాగాలని నా ఆశ. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కో, సంజీవయ్య పార్కుకో పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లున్నారా? మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఆయన నీడన కూర్చోడానికి వీలుంటుందా? ఏడుపెంకులాటకి అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఎలా పోగుచేశారో కూడా చెప్పండి, ప్లీజ్.