ఈ వారపు సమస్య: చచ్చినట్టి మగఁడు వచ్చె మరల

సమస్య ఇచ్చినవారు: ఇది ఆటవెలది పాదం; దీన్ని చివరి పాదంగా ఉంచి, పొసగనట్టు కనిపించే ఈ మాట పొసగేలా పై మూడు పాదాలు పూరించాలి. 'చచ్చి', 'వచ్చె'లకు ప్రాసయతి (రెండవ అక్షరాల పోలికతో కుదిరే యతి) కుదిరింది. బుల్లితెర ధారావాహికల సంప్రదాయమే వస్తువు. దయ్యాలు, పునర్జన్మలు పనికిరావు.

నల్లకుంట సభ్యుడు:

నదినిఁ బడెను కారు, నరులకు దేహమ్ము
దొరకదాయె; పటము తొడిగె దండ;
తాళిఁ గట్టు వేళఁ దలుపులు దెఱచుక
చచ్చినట్టి మగఁడు వచ్చె మరల!

విమర్శ: శవం దొరకలేదంటే మనిషి బతికే ఉన్నాడని, భార్య మరుమనువు పీటల మీద కూర్చునేదాకా రాడని సీరియల్ చూసే ప్రతివారికీ తెలుసు కనుక, మొదటి రెండు పాదాల్లోనే గుట్టు రట్టయింది. పటమే దండ తొడిగిందనడం బాగుంది. 'నరులకు' మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్న పదం.

మలక్‌పేట సభ్యురాలు:

కట్టు విప్పి చూడఁ గనఁబడెఁ గొత్తగా
మొగము; నటుఁడు మారి మొగుఁడు మిగిలె;
నాలి గుర్తుపట్టె నడుగుల సవ్వడి;
చచ్చినట్టి మగఁడు వచ్చె మరల!

విమర్శ: నటుడు తప్పుకున్నప్పుడు పాత్రకు ప్రమాదం జరిపించి, ముఖానికి కట్లు కట్టించి, శస్త్రచికిత్స పేరుతో కొత్త నటుణ్ణి దింపే పద్ధతి అంతా రెండవ పాదంలో ఇమిడింది.

అంబర్‌పేట సభ్యుడు: అంతా కల అని పూరిస్తే చెల్లుతుందా?

విమర్శ: అమెరికా ధారావాహిక 'డాలస్'లో 1985లో మరణించిన బాబీ 1986లో స్నానాల గదిలో ప్రత్యక్షం కాగా, నడుమ ఏడాది పాటు నడిచిన కథంతా అతని మాజీ భార్య కన్న కలగా తేలింది. అక్కడ చెల్లింది. అవధాన సభలో అయితే, సమస్యను విప్పకుండా కొట్టివేసిన అలాంటి పూరణను పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు) ఒప్పుకోడు.

కృష్ణానగర్ సభ్యుడు:

పగలు చిత్రశాలఁ బాడెపైఁ బడుకొని,
కూలి డబ్బు లంది, కూర గొనుచు,
సంజ యింటికడకు సతి నవ్వుచుండఁగాఁ
జచ్చినట్టి మగఁడు వచ్చె మరల!

విమర్శ: చావు పాత్రది, రాక నటుడిది కావడంతో, పై పూరణల్లో కథకుడి దయమీద ఆధారపడిన విరోధం ఇక్కడ ఏ మాయా లేకుండా తీరింది, నా దృష్టిలో ఈ వారానికి ఇదే పూరణ. 'కూర గొనుచు' అంటే ఆయన ఇంకా బజారులోనే ఉన్నట్టు. 'కూర మోసి' అంటే ఇల్లు చేరతాడు.

కృష్ణానగర్ సభ్యుడు: మార్చుకున్నాను. సతి నవ్వును మాత్రం అలాగే ఉండనివ్వండి. ఆ సన్నివేశం ప్రసారమైన రాత్రి, నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నా ఆమె ఏడ్చింది.