ఎఫ్‌ఎంలో సినిమాయేతర తెలుగు పాటకు వాటా ఉండాలా, వద్దా?

కృష్ణాతీరం:
ఫ్రాన్స్‌లో 1996లో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. శ్రోతలు ఎక్కువగా ఉండే వేళల్లో రేడియోలు వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచివి ఉండాలి, అందులో సగం కొత్త కళాకారులవో కొత్త పాటలో అయి ఉండాలి. మన ఎఫ్‌ఎంలలో తెలుగు పాటకు కొదవలేదు గానీ, దాదాపు అంతా సినిమా పాటే. లలితగీతం, జానపదం, సొంతంగా పాటలు కట్టుకునే కుర్రకారు పాటలు ఎప్పుడో తప్ప వినపడవు. ఆకాశవాణి ఎఫ్‌ఎంలతో సహా అందరికీ వీటి వాటా తప్పనిసరి చేయాలంటాను. మీరేమంటారు?

పాత రేడియో:
వద్దండీ. మన దేశంలో ఒకసారి చూశాం. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి కోత పెట్టి శాస్త్రీయ సంగీతం పెంచారు. జనం శ్రీలంక నుంచి వినపడే రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. అక్కడి హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ ఇంటింటి మనిషైపోయారు. ఆ అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, తర్వాత రోజుల్లో కూడా మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం అయ్యేదాకా మా నాన్నగారు రేడియో దగ్గర్నుంచి లేచేవారు కాదు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టి సినిమా పాటను ప్రభుత్వమే వెనక్కి పిలుచుకుంది. వినేవాళ్లకు నచ్చింది వేయాలి గానీ, వాళ్ల చెవులకు చట్టం ఏమిటి?

ఏకశ్రుతి:
పాత రేడియో గారూ, మీ నాన్నగారి సంగతి చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. మాదీ సిలోన్ మోగిన ఇల్లే. అయినా వాటా ఉండాలనే అంటాను.

నేను ఆకాశవాణి స్వరపరీక్షలో బి గ్రేడ్ వచ్చిన లలిత సంగీత గాయనిని. రెండేళ్ల కిందట నలుగురం డబ్బులు వేసుకుని ఒక పాట రికార్డు చేయించాం. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక ప్రైవేటు స్టేషన్‌కి వెళ్లాను. అక్కడి అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట మొత్తం విన్నాడు. రెండో చరణం వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు కూడా. తర్వాత ఎక్కిద్దామని కంప్యూటర్‌లో ఫారం తెరిచాడు. మొదటి గడి: సినిమా పేరు. అది నింపకపోతే కింది గడులు తెరుచుకోవు. "ఏదో ఒకటి రాసేయలేను కదా మేడమ్" అని పాపం అతనే నొచ్చుకున్నాడు. ఆ పాట ఇప్పటికీ ప్రసారం కాలేదు. నచ్చిందో లేదో చెప్పడానికి శ్రోత దాకా వెళితేనే కదండీ!

కేస్కర్ గారి పొరపాటు జనానికి ఇష్టమైనదాన్ని లాగేసుకోవడం. దక్షిణాఫ్రికాలో కూడా 2016లో జాతీయ ప్రసార సంస్థ తన రేడియోలన్నిటిలో 90 శాతం స్థానిక సంగీతమే ఉండాలంది. అక్కడి భారత సంతతి వాళ్ల కోసం నడిచే లోటస్ ఎఫ్‌ఎంకీ అదే లెక్క. శ్రోతలు జారిపోయారు, సంస్థకు ప్రకటనల రాబడి తగ్గింది, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. 90 అడిగితే నేనూ ఒప్పుకోను.

కానీ అదే ఆకాశవాణిలో ఇంకో సంగతి చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, పాలగుమ్మి విశ్వనాథం గార్ల లలితగీతాలు, విజయవాడ కేంద్రం పొద్దుటి భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని ఎలా వచ్చాయి? ఆ వేళకు పాట ఉండి తీరాలి కాబట్టి వచ్చాయి. రేపు పొద్దున్నకి కొత్తది కావాలంటే ఒకరు రాయాలి, ఒకరు బాణీ కట్టాలి, వాద్యాల వాళ్లు వచ్చి కూర్చోవాలి. ముందు వేళ కేటాయించారు, తర్వాత పాట పుట్టింది.

కృష్ణాతీరం:
వేళ అన్నారు కాబట్టి ఒక మాట. కెనడాలో 1971లో 30 శాతం పెడితే, చాలా స్టేషన్లు ఆ పాటల్ని ఎవరూ వినని వేళల్లోకి నెట్టి లెక్క సరిపెట్టాయి. అందుకే ఇప్పుడు 35 శాతాన్ని వారం మొత్తానికీ చూపించాలి, పని రోజుల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా విడిగానూ చూపించాలి.

పాత రేడియో:
ఏకశ్రుతి గారూ, ఆ గడి సంగతి చదివి మనసు చివుక్కుమంది. నిజంగా అన్యాయం. కానీ దేన్ని సినిమాయేతరం అంటారు? మా శ్రీకాకుళం వైపు పాటలు సినిమాల్లోకి వెళ్లాయి. అవి ఎటు? కెనడాలో సంగీతం, గాయకుడు, పాట రికార్డయిన చోటు, సాహిత్యం, ఈ నాలుగింట్లో రెండు కెనడావి అయితే లెక్కలోకి వస్తుంది. 1991లో గాయకుడు బ్రయన్ ఆడమ్స్ కెనడా వాడే అయినా, బయటివాడితో కలిసి రాసి, చాలావరకు దేశం బయట రికార్డు చేసినందుకు ఆయన పాటలు లెక్కకు రాలేదు. పెద్ద రభస అయ్యాక నిబంధన సవరించారు. మన దగ్గర ఆ తకరారు తీర్చేదెవరు?

ఏకశ్రుతి:
సినిమా కోసం చేసిన రికార్డింగా, కాదా అన్నంతవరకు చూస్తే చాలు. మీ ఊరి పాట సినిమాలోకి వెళ్లినా, ఊళ్లో పాడేవాళ్ల గొంతుతో విడిగా రికార్డయితే అది జానపదమే. నేను 40 శాతం అడగడం లేదు. గంటకు ఒక్క పాట. పొద్దున 7 నుంచి 10 దాకా, వంటింట్లో రేడియో మోగే వేళ కూడా అందులో ఉండాలి. రెండేళ్లు పెట్టి చూడనివ్వండి. జనం స్టేషన్ మార్చేస్తుంటే తీసేయమని నేనే అంటాను.